ఒకే ఫైల్ మీద నాలుగు ప్రోగ్రాంలు చెయ్యి పెట్టేటప్పుడు

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో కాటా దగ్గర నడిచే సాఫ్ట్‌వేర్ రాయడం, దాన్ని సీజన్లో ఆగకుండా చూసుకోవడం నా పని. మిల్లుకి ఒక లైనక్స్ మిషన్ ఉంటుంది. లోపలికొచ్చే లారీల కాటాకి ఒక ప్రోగ్రాం, బయటికెళ్లే లారీల కాటాకి ఇంకోటి, ఆఫీసులో బిల్లింగ్, రాత్రి క్రాన్‌లో (పెట్టిన టైముకి ప్రోగ్రాంని దానంతటదే నడిపేది) లేచే రిపోర్ట్ స్క్రిప్ట్. ఈ నాలుగూ కొన్ని ఫైళ్లను పంచుకుంటాయి. వాటిలో అన్నిటికంటే చిన్నది స్లిప్ నంబర్ ఫైల్. లోపల ఉండేది ఒక్క సంఖ్యే. ఎక్కువ గొడవలు వచ్చేది కూడా దాంతోనే.

ఫైల్లో 4182 ఉందనుకోండి. లోపలి కాటా ప్రోగ్రాం దాన్ని చదివి, ఒకటి కలిపి, 4183 అని తిరిగి రాయాలి. చదవడానికి, రాయడానికి మధ్య కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. సరిగ్గా ఆ సందులో బయటి కాటా ప్రోగ్రాం కూడా ఫైల్ తెరిస్తే దానికీ 4182 కనిపిస్తుంది. అదీ 4183 అనే రాస్తుంది. రెండు లారీలకి ఒకటే స్లిప్ నంబర్ పడుతుంది. బిల్లింగ్ స్లిప్ నంబర్‌ని బట్టి వెతుకుతుంది కాబట్టి రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది, ఒక లారీ ధాన్యం లెక్కలోంచి పోతుంది. ఆ కాటా చీటీ చూపించే రైతు డబ్బులు తీసుకుంటాడు. అందుకే దీన్ని 'ఎప్పుడో ఒకసారి వచ్చే బగ్' అని పక్కన పెట్టడానికి వీల్లేదు. కోతలప్పుడు లారీలు బారులు తీరి ఉంటాయి. అప్పుడే ఇది బయటపడుతుంది.

ఇంకో రకం కూడా ఉంది. చాలా భాషల్లో ఫైల్‌ని రైట్ మోడ్‌లో తెరవగానే లోపలున్నది మొత్తం చెరిగిపోయి సైజు సున్నా అవుతుంది, ఆ తర్వాతే కొత్త సంఖ్య పడుతుంది. ఆ మధ్యలో చదివినవాడికి ఖాళీ ఫైల్ కనిపిస్తుంది. ఖాళీని సున్నా అనుకునే ప్రోగ్రాం అయితే తర్వాతి స్లిప్ నంబర్ 1. ఇలాంటివి రాకుండా, ఒకరి పని అయ్యేదాకా మిగతావాళ్లు ఆగేలా చేసేదే లాక్.

ముందు లాక్ అవసరమా అని చూడండి

రాసేది ఒక్కరే, మిగతావాళ్లు చదువుకునేవాళ్లే అయితే లాక్ అక్కర్లేదు. మా దగ్గర ఆ రోజు ధరల ఫైల్ అలాంటిది. ఆఫీసు పొద్దున్నే రాస్తుంది, కాటాలు చదువుకుంటాయి. దీనికి పద్ధతి: కొత్త ధరల్ని అదే ఫోల్డర్‌లో వేరే పేరుతో ఒక తాత్కాలిక ఫైల్లోకి రాయండి. బఫర్‌ని (రాసింది ముందు మెమరీలో ఆగే చోటు) ఫ్లష్ చేసి, ఎఫ్‌సింక్ (డిస్క్ మీదికి రాసెయ్యమనే కాల్) పిలిచి, డిస్క్ మీదికి చేరాక రీనేమ్‌తో అసలు పేరు పెట్టండి. ఒకే ఫైల్ సిస్టంలో రీనేమ్ అటామిక్. చదివేవాళ్లకి పాత ఫైల్ పూర్తిగా కనిపిస్తుంది, లేదా కొత్తది పూర్తిగా కనిపిస్తుంది. సగం సగం ఎప్పుడూ కనపడదు. అప్పటికే పాతదాన్ని తెరిచి చదువుతున్న ప్రోగ్రాం ఆ పాతదాన్నే చివరిదాకా చదువుకుంటుంది.

'అదే ఫోల్డర్‌లో' అన్నది తప్పనిసరి. తాత్కాలిక ఫైల్ కదా అని టెంప్ ఫోల్డర్‌లో పెడితే, అది చాలా మిషన్లలో వేరే ఫైల్ సిస్టం. అక్కణ్ణుంచి రీనేమ్ కాల్ ఎర్రర్ ఇస్తుంది. ఎంవీ కమాండ్ అయితే ఏ ఎర్రరూ చూపకుండా కాపీ చేసి పాతది చెరుపుతుంది, అంటే అటామిక్ గుణం పోయినట్టే. కరెంటు పోయే చోట పని చేస్తున్నారు కాబట్టి రీనేమ్ అయ్యాక ఆ ఫోల్డర్‌కి కూడా ఒకసారి ఎఫ్‌సింక్ పిలవండి. కొత్త ఫైల్‌కి ఓనరు, పర్మిషన్లు పాతదానివే వచ్చాయో లేదో కూడా చూసుకోండి, ఎందుకంటే అది నిజంగానే కొత్త ఫైల్.

చివర లైన్లు చేర్చుకుంటూ పోయే లాగ్ అయితే అపెండ్ మోడ్‌లో తెరిచి, లైన్ మొత్తాన్ని ఒకే రైట్ కాల్‌లో పంపండి. లోకల్ డిస్క్ మీద అది సరిపోతుంది. నెట్‌వర్క్ ఫోల్డర్ అయితే ఈ మాట చెల్లదు.

చదివి, మార్చి, తిరిగి రాసే పని ఇద్దరు చేస్తుంటే మాత్రం లాక్ ఉండి తీరాలి. స్లిప్ నంబర్ ఆ కోవలోది.

లాక్ అంటే ఒప్పందం

లైనక్స్‌లో ఫైల్ లాక్ ఎవరినీ అడ్డుకోదు. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కండువా వేసి సీటు ఆపుకున్నట్టే. కండువా చూసి ఆగేవాళ్లు ఆగుతారు, చూడకుండా కూర్చునేవాణ్ణి కండువా ఆపలేదు. లాక్ అడగని ప్రోగ్రాం ఆ ఫైల్‌ని హాయిగా తెరిచి రాసేస్తుంది, లైనక్స్ అసలు భాగమైన కెర్నెల్ ఏమీ అనదు. నిజంగా అడ్డుకునే మాండేటరీ లాకింగ్ ఒకప్పుడు లైనక్స్‌లో ఉండేది కానీ నమ్మదగ్గట్టు ఎప్పుడూ పని చెయ్యలేదు. 2021లో వచ్చిన 5.15 కెర్నెల్‌లో దాన్ని తీసేశారు. కాబట్టి ఫైల్‌ని ముట్టుకునే ప్రతి ప్రోగ్రాం అదే లాక్‌ని, అదే రకంగా అడగాలి. నాలుగింట్లో మూడు అడిగితే చాలదు.

లాక్‌ని పట్టుకునేది కెర్నెల్ అయి ఉండాలి, మీ ఫైల్ పేరు కాదు. చాలామంది రాసే పద్ధతి ఇలా ఉంటుంది: లాక్ ఫైల్ ఉందా అని చూడు, లేకపోతే సృష్టించు, పని అయ్యాక చెరుపు. చూడటానికి, సృష్టించడానికి మధ్య మళ్లీ అదే సందు. 'లేకపోతేనే సృష్టించు' అనే ఎక్స్‌క్లూజివ్ ఫ్లాగ్‌తో తెరిస్తే ఆ సందు మూసుకుంటుంది, నిజమే. కానీ మధ్యలో కరెంటు పోయిందా, ఫైల్ అలాగే మిగిలిపోతుంది, మర్నాడు పొద్దున్న కాటా తెరుచుకోదు. పట్టుకున్న ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) బతికుందో లేదో చూడటానికి లోపల దాని నంబర్ రాసి ఉంచితే అదే నంబర్ వేరే ప్రాసెస్‌కి వచ్చి ఉండొచ్చు. కోడ్ మార్పుల్ని భద్రపరిచే గిట్‌లోని ఇండెక్స్ లాక్ ఈ తరహాదే. మధ్యలో క్రాష్ అయితే ఆ ఫైల్ మిగిలిపోయి, చేత్తో తీసెయ్యాల్సి వస్తుంది. గిట్ దగ్గర మనిషి కూర్చుని ఉంటాడు కాబట్టి సరిపోతుంది. రాత్రి నడిచే స్క్రిప్ట్‌కి సరిపోదు.

కెర్నెల్ లాక్ అలా కాదు. ప్రాసెస్ చచ్చిపోతే, బలవంతంగా చంపే కిల్ మైనస్ తొమ్మిది కొట్టినా సరే, దాని డిస్క్రిప్టర్లు (తెరిచిన ఫైళ్ల మీద దానికున్న పట్టు) మూసుకుంటాయి, లాక్ దానంతటదే వదులుతుంది. ఉబుంటులో అప్‌డేట్ చేసేటప్పుడు ప్యాకేజీలు పెట్టే డీపీకేజీ లాక్ దొరకలేదని మెసేజ్ వస్తే, ఆ లాక్ ఫైల్ చెరిపెయ్యమని నెట్‌లో చాలా చోట్ల చెబుతారు. చెయ్యకండి. ఆ ఫైల్ ఎప్పుడూ అక్కడే ఉంటుంది. లాక్ ఉన్నది ఫైల్ ఉండటంలో కాదు, దాన్ని పట్టుకున్న ప్రాసెస్‌లో. చెరిపితే కొత్తగా ఇంకో ఫైల్ పుడుతుంది, దాని మీద ఇంకొకరికి లాక్ దొరుకుతుంది, ఇద్దరూ ఒకేసారి ప్యాకేజీ డేటాబేస్ మీద పడతారు. ఎవరు పట్టుకున్నారో చూసి, ఆ పని అయ్యేదాకా ఆగండి.

చేసే క్రమం

స్లిప్ నంబర్ తీసుకునే ప్రతి ప్రోగ్రాం ఇదే వరసలో చెయ్యాలి.

1. నంబర్ ఫైల్ పక్కనే స్లిప్.లాక్ అని ఒక ఖాళీ ఫైల్ ఉంచండి. లేకపోతే సృష్టించేలా, ఉంటే చెరపకుండా, చదవడానికీ రాయడానికీ తెరవండి. నాలుగు ప్రోగ్రాంలూ వేరే వేరే యూజర్ల కింద నడుస్తుంటే అందరికీ అది తెరిచే పర్మిషన్ ఉండాలి.
2. దాని మీద ఎక్స్‌క్లూజివ్ (ఒక్కసారికి ఒక్కరికే దొరికే) లాక్ అడగండి.
3. లాక్ చేతికొచ్చాకే నంబర్ ఫైల్ తెరిచి చదవండి.
4. ఒకటి కలిపి, పైన చెప్పినట్టు తాత్కాలిక ఫైల్, ఎఫ్‌సింక్, రీనేమ్.
5. స్లిప్.లాక్‌ని మూసెయ్యండి. చెరపకండి.

మూడో మెట్టు దగ్గర చాలా కోడ్ తప్పుతుంది. ప్రోగ్రాం మొదట్లోనే నంబర్ చదివేసి ఒక వేరియబుల్‌లో పెట్టుకుని, రాసే ముందు మాత్రం లాక్ వేస్తారు. లాక్ ఉంది, తప్పూ ఉంది. లాక్ రాకముందు చదివిన ఏ విలువనీ నమ్మకండి.

నంబర్ ఫైల్‌కే లాక్ వేస్తే పోదా, పక్కన ఇంకో ఫైల్ ఎందుకు అని అడుగుతారు. లాక్ పడేది పేరు మీద కాదు, లోపలి ఐనోడ్ (పేరు వెనక ఉండే అసలు ఫైల్ రికార్డు) మీద. నేను నంబర్ ఫైల్‌కి లాక్ వేసి, కొత్త ఫైల్‌ని దాని పేరులోకి రీనేమ్ చేశాననుకోండి. నా లాక్ పాత ఐనోడ్‌తోనే ఉండిపోయింది. అప్పటిదాకా క్యూలో ఉన్న బయటి కాటాకి నేను వదలగానే ఆ పాత ఐనోడ్ మీదే లాక్ దొరుకుతుంది. అదే సమయంలో వచ్చిన బిల్లింగ్ కొత్త ఫైల్ తెరిచి దాని మీద లాక్ తీసుకుంటుంది. ఇద్దరి దగ్గరా లాక్ ఉంది, ఒకరికొకరు అడ్డు కారు. లాక్ ఫైల్‌ని చెరిపినా జరిగేది అచ్చం ఇదే. అందుకే ఆ ఖాళీ ఫైల్ అలా పడి ఉండనివ్వండి. సున్నా బైట్ల ఫైల్‌తో ఎవరికీ నష్టం లేదు. ఎవరో శుభ్రం చేద్దామని దాన్ని తీసెయ్యకుండా, ఇది ఎందుకుందో పక్కన ఒక లైన్ రాసి పెట్టండి.

ఐదో మెట్టులో డేటా ఫైల్ ముందు మూసి, లాక్ తర్వాత వదలాలి. బఫర్‌లో ఉన్నది ఫైల్లోకి చేరకముందే లాక్ వదిలితే తర్వాతివాడు పాత సంఖ్యే చదువుతాడు.

లాక్ పట్టుకుని ఎంతసేపు ఉంటారన్నది కూడా ముఖ్యం. కాటా యంత్రం నుంచి బరువు స్థిరపడేదాకా ఆగడం, ఆపరేటర్ లారీ నంబర్ టైప్ చేయడం, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో చీటీ కొట్టడం, ఇవేవీ లాక్ లోపల జరగకూడదు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే రెండో కాటా కూడా ఆగిపోతుంది. నంబర్ తీసుకోండి, లాక్ వదిలెయ్యండి, ఆ తర్వాత ప్రింట్ చేసుకోండి. ప్రింట్ పాడైతే ఆ నంబర్‌ని రద్దు అని రిజిస్టర్‌లో రాసుకోవచ్చు. నంబర్ల మధ్య ఖాళీ వస్తే లెక్కలు చూసేవాళ్లకి ఒక మాట చెప్పుకుంటే సరిపోతుంది. ఒకే నంబర్ రెండుసార్లు వస్తే సర్దిచెప్పడానికి ఏమీ ఉండదు.

ఎంతసేపు ఎదురుచూడాలి

లాక్ దొరక్కపోతే ఏం చెయ్యాలో ముందే తేల్చుకోండి. కాటా ముందు మనిషి ఉన్నాడు కాబట్టి ఐదు సెకన్లు చూసి, అప్పటికీ రాకపోతే ఫలానా ప్రోగ్రాం పట్టుకుని ఉందని స్క్రీన్ మీద చూపించాలి. లాక్ అడిగే ఫ్లాక్ కాల్‌లో టైమౌట్ లేదు. ఆగకుండా తిరిగొచ్చే నాన్‌బ్లాకింగ్ ఫ్లాగ్ పెట్టి, మధ్యలో పదో వంతు సెకను చొప్పున నిద్రపుచ్చుతూ మళ్లీ మళ్లీ అడగడం తేలిక మార్గం.

రాత్రి రిపోర్ట్‌కి వేరే నియమం. నిన్నటిది ఇంకా నడుస్తుంటే ఇవాళ్టిది మొదలవ్వకూడదు. దీనికి కోడ్ రాయక్కర్లేదు, యుటిల్ లైనక్స్ ప్యాకేజీతో వచ్చే ఫ్లాక్ కమాండ్ చాలు. క్రాన్ లైన్లో ముందు ఫ్లాక్, తర్వాత డ్యాష్ ఎన్, తర్వాత లాక్ ఫైల్ పాత్, ఆ తర్వాత మీ స్క్రిప్ట్ పాత్. డ్యాష్ ఎన్ అంటే లాక్ దొరక్కపోతే వెంటనే వెనక్కి వచ్చెయ్యి అని. కొంతసేపు ఆగాలంటే డ్యాష్ డబ్ల్యూ పెట్టి సెకన్లు ఇవ్వండి. లాక్ దొరకనప్పుడు మామూలుగా ఎగ్జిట్ కోడ్ 1 వస్తుంది. మీ స్క్రిప్ట్ ఫెయిలైనా 1 వస్తుంది కాబట్టి రెండూ కలిసిపోతాయి. డ్యాష్ పెద్ద 'ఈ' (-E) ఆప్షన్‌తో లాక్ దొరకనప్పటి కోడ్‌ని 75 లాంటి వేరే సంఖ్యకి మార్చుకోండి, లాగ్ చదివేటప్పుడు ఏది ఏదో తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. ఫ్లాక్ లాక్ తెరిచిన ఫైల్ డిస్క్రిప్షన్‌కి (ఫైల్ తెరిచినప్పుడు కెర్నెల్‌లో పుట్టే రికార్డుకి) అంటుకుని ఉంటుంది, పిల్ల ప్రాసెస్‌లకి కూడా వెళ్తుంది. స్క్రిప్ట్ లోపల ఏదైనా ప్రోగ్రాంని బ్యాక్‌గ్రౌండ్‌లో వదిలేస్తే, స్క్రిప్ట్ అయిపోయినా ఆ పిల్ల ప్రాసెస్ బతికున్నంత కాలం లాక్ వదలదు. కమాండ్‌లో డ్యాష్ ఓ పెడితే లాక్ డిస్క్రిప్టర్ లోపలి ప్రోగ్రాంకి చేరదు. పైథాన్ 3.4 నుంచి డిస్క్రిప్టర్లు మామూలుగా పిల్లలకి వెళ్లవు కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ.

రెండు రకాల లాక్‌లు ఒకదానికొకటి కనపడవు

ఇంత సేపూ ఒక్కో మెట్టు సరిగ్గా చేసినా మొత్తం వృథా అయ్యే చోటు ఇది. యూనిక్స్‌లో రెండు కుటుంబాల లాక్‌లు ఉన్నాయి. ఒకటి బీఎస్‌డీ అనే యూనిక్స్ రకం నుంచి వచ్చిన ఫ్లాక్. రెండోది పోసిక్స్ (యూనిక్స్ ప్రమాణం) వాళ్ల ఎఫ్‌కంట్రోల్ లాక్, ఇది ఫైల్లో బైట్ల వరకు విడివిడిగా కూడా వెయ్యొచ్చు. లైనక్స్ లోకల్ డిస్క్ మీద ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోవు.

కాటా ప్రోగ్రాం పైథాన్‌లో ఉండి ఫ్లాక్ వాడుతోంది, బిల్లింగ్ జావాలో ఉంది అనుకోండి. జావా ఫైల్‌లాక్ లైనక్స్ మీద లోపల ఎఫ్‌కంట్రోల్‌నే పిలుస్తుంది. రెండూ స్లిప్.లాక్ మీదే లాక్ అడుగుతాయి, రెండింటికీ వెంటనే దొరుకుతుంది, రెండు లాగుల్లోనూ 'లాక్ వచ్చింది' అనే ఉంటుంది. కోడ్ చదివితే తప్పు కనపడదు. కాబట్టి జావా ఉన్న చోట పైథాన్ వైపు లాక్ఎఫ్ వాడండి. పైథాన్‌లో ఆ పేరుతో ఉన్నది నిజానికి ఎఫ్‌కంట్రోల్ లాకే. ఎక్స్‌క్లూజివ్ కావాలంటే ఫైల్‌ని రాయడానికి తెరిచి ఉండాలి, లేకపోతే ఎర్రర్ వస్తుంది. ఫ్లాక్‌కి ఆ పట్టింపు లేదు.

ఎఫ్‌కంట్రోల్ లాక్‌కి ఒక మొండి గుణం ఉంది. అది ప్రాసెస్‌కి చెందుతుంది. అదే ప్రాసెస్ ఆ ఫైల్‌ని ఇంకెక్కడైనా తెరిచి మూస్తే, ఏదో లైబ్రరీ చదవడానికి తెరిచి మూసినా సరే, లాక్ మొత్తం పోతుంది. ఎర్రర్ రాదు. ఒకే ప్రాసెస్‌లోని రెండు థ్రెడ్లను కూడా ఇది వేరు చెయ్యదు, దానికి మ్యూటెక్స్ (థ్రెడ్ల మధ్య లాక్) విడిగా పెట్టుకోవాలి. దీన్ని సరిచెయ్యడానికే 2014లో లైనక్స్ 3.15లో ఓపెన్ ఫైల్ డిస్క్రిప్షన్ లాక్‌లు తెచ్చారు. సీ భాషలో రాసేవాళ్లయితే నేరుగా అవే వాడుకోండి. లాక్ ఫైల్‌ని విడిగా ఉంచమనడానికి ఇది ఇంకో కారణం. డేటా ఫైల్‌ని ఎవరెవరో తెరుస్తారు, మూస్తారు. ఖాళీ లాక్ ఫైల్‌తో ఇంకెవరికీ పని ఉండదు.

రెండు లాక్‌లు కావాల్సిన పని ఉంటే, నంబర్‌కి ఒకటి, రిజిస్టర్‌కి ఒకటి, అన్ని ప్రోగ్రాంలూ ఒకే వరసలో తీసుకోవాలి. ఒకటి అటునుంచి, ఒకటి ఇటునుంచి వస్తే రెండూ ఒకదాని కోసం ఇంకోటి చూస్తూ ఆగిపోతాయి. రిపోర్ట్ లాంటి చదివేవాళ్లకి షేర్డ్ లాక్ చాలు. ఎంతమందైనా కలిసి చదవొచ్చు, రాసేవాడు మాత్రం వాళ్లు వదిలేదాకా ఆగుతాడు.

నెట్‌వర్క్ ఫోల్డర్, విండోస్, డేటాబేస్

ఆఫీసు కంప్యూటర్ నుంచి సాంబా (విండోస్ మిషన్లకి ఫోల్డర్ పంచే ప్రోగ్రాం) మీదుగా అదే ఫైల్ తెరుద్దాం అని అడుగుతారు. వద్దంటాను. ఎన్ఎఫ్ఎస్ (యూనిక్స్ వాళ్ల నెట్‌వర్క్ ఫోల్డర్) మీద ఫ్లాక్ 2.6.12 కెర్నెల్ నుంచి బైట్ రేంజ్ లాక్‌గా మారి సర్వర్‌కి వెళ్తుంది, అంటే లోకల్‌గా ఉన్నట్టు ప్రవర్తించదు. విండోస్‌లో లాక్ నిజంగానే అడ్డుకుంటుంది. ఇంకొకరు తెరిచి ఉంచిన ఫైల్ పేరులోకి రీనేమ్ చేయబోతే చాలాసార్లు కుదరదు. రెండు లోకాల నియమాలు కలిపి లెక్క కట్టడం కంటే, ఫైల్ ఉన్న మిషన్ మీదే ఒక చిన్న సర్వీసు పెట్టి 'తర్వాతి నంబర్ ఇవ్వు' అని అందరూ దాన్నే అడగడం క్షేమం.

ఒక సంఖ్య దాటి రికార్డులు పంచుకునే స్థితికి వస్తే సొంత లాకింగ్ ఆపేసి ఒకే ఫైల్లో ఉండే ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌కి మారండి. అది లోపల ఈ ఎఫ్‌కంట్రోల్ లాక్‌లే వాడుతుంది, పైన చెప్పిన గుంటలన్నీ దాన్ని రాసినవాళ్లు ముందే పూడ్చారు. లాక్ కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే బిజీ టైమౌట్ పెట్టుకోండి. నంబర్ చదివి పెంచే ట్రాన్సాక్షన్‌ని బిగిన్ ఇమ్మీడియట్‌తో మొదలుపెట్టండి, అప్పుడు చదవకముందే రాసే హక్కు మీకొస్తుంది. 2010లో 3.7.0తో వచ్చిన వాల్ మోడ్ (మార్పుల్ని ముందు వేరే లాగ్ ఫైల్లో రాసే పద్ధతి) చదివేవాళ్లనీ రాసేవాణ్ణీ ఒకరికొకరు అడ్డు రాకుండా చేస్తుంది కానీ నెట్‌వర్క్ ఫోల్డర్ మీద పని చెయ్యదు. వేరే వేరే మిషన్ల నుంచి రాయాలంటే పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్ సర్వర్ పెట్టుకోండి.

సీజన్‌కి ముందు పరీక్ష

మొదట చేత్తో చూడండి. ఒక టెర్మినల్లో స్లిప్.లాక్ మీద ఫ్లాక్ కమాండ్‌తో స్లీప్ 60 నడపండి. ఇంకో టెర్మినల్లో అదే ఫైల్ మీద డ్యాష్ ఎన్‌తో ఇంకో కమాండ్ ఇస్తే అది వెంటనే వెనక్కి రావాలి. ఎల్ఎస్‌లాక్స్ అని కొడితే ఎవరు ఏ ఫైల్‌ని ఏ రకం లాక్‌తో పట్టుకున్నారో పట్టికగా వస్తుంది. టైప్ కాలంలో ఒక ప్రోగ్రాంకి ఫ్లాక్ అనీ, ఇంకోదానికి పోసిక్స్ అనీ కనిపిస్తే అక్కడే ఆగి సరిచెయ్యండి.

తర్వాత ఒత్తిడి పరీక్ష. నంబర్ ఫైల్లో 0 పెట్టి, ఇరవై ప్రాసెస్‌లు ఒకేసారి వదిలి, ఒక్కోదాన్ని ఐదు వందల నంబర్లు తీసుకుని తన సొంత ఫైల్లో రాసుకోమనండి. సగం పైథాన్‌వి, సగం జావావి ఉండాలి, మిల్లులో ఉండేది అలాగే కాబట్టి. అయిపోయాక ఆ ఫైళ్లన్నీ కలిపి సార్ట్ చేసి, రెండుసార్లు వచ్చిన లైన్లే చూపించేలా యునిక్ కమాండ్‌కి డ్యాష్ డీ ఇచ్చి చూడండి. ఒక్క లైన్ కూడా రాకూడదు, నంబర్ ఫైల్లో 10000 ఉండాలి. ఇప్పుడు అదే పరీక్ష మళ్లీ పెట్టి, మధ్యలో ఇష్టమొచ్చిన ప్రాసెస్‌లని కిల్ మైనస్ తొమ్మిదితో చంపండి. మిగతావి ఆగకుండా సాగాలి. నంబర్లలో ఖాళీలు ఉండొచ్చు, రెండుసార్లు వచ్చిన నంబర్ మాత్రం ఉండకూడదు. చివరిగా, పాత డిస్క్ ఉన్న మిషన్ మీద పరీక్ష నడుస్తుండగా ప్లగ్ లాగి, మళ్లీ ఆన్ చేసి, నంబర్ ఫైల్ ఖాళీగా లేదని, చివర ఇచ్చిన నంబర్ కంటే వెనక్కి పోలేదని చూసుకున్నాకే కాటా దగ్గర పెట్టండి.